కడిగితేనే తెలిసేది

మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పెద్దది పులికాట్. ఆ తీరపు ఉప్పుగాలి ఇనుమును నిరంతరం తినివేస్తూనే ఉంటుంది. ఒకప్పుడు పొలానికి నీరు తోడిన ఆయిల్ ఇంజను ఏళ్ల తరబడి పాకలో పడి ఉంటే, దానిని మరల నడిపించదలచిన రైతు తొలుత కొత్త పిస్టను, రింగుల వెల విచారిస్తాడు. అనుభవజ్ఞుడైన మెకానిక్ మాత్రం ముందుగా ఇంజను బ్లాకును కడగడానికి పూనుకుంటాడు.

అతడు భాగాలన్నిటినీ విప్పి, బ్లాకును కిరోసిన్‌లో నానబెట్టి, గట్టిపడిన జిడ్డును గీకుతాడు. నీరు తిరిగే గదులలోని తుప్పును రాల్చి, నూనె ప్రవహించే సన్నని దారులను బ్రష్షుతో తోముతాడు. ఆ దారిలో ఒక్క ఇసుక రేణువు మిగిలినా కొత్త బేరింగుపై గీతలు పడతాయి. పోతయినుమును వేడి కాస్టిక్ సోడా నీటితో కడగవచ్చు. అల్యూమినియం భాగాలనైతే ఆ నీరే తినివేస్తుంది.

ఆరిన బ్లాకుకు కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లుతాడు. పగులు ఉన్నచోట లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లని పొడిమీద తడిగీతగా కనబడుతుంది. రైతుకు అది చేదువార్తే. అయినా కొత్త సామాను కొన్న తరువాత తెలియడం కంటె ముందే తెలియడం మేలు. మురికి పగులును దాచగలదే గాని అతికించలేదు.

శుభ్రపడిన ఇనుము ఉప్పుగాలికి గంటలలోనే తుప్పుపడుతుంది; కనుక మెకానిక్ వెంటనే నూనె పూస్తాడు. కడిగిన మురికిని కాలువలో పోయక, డబ్బాలో పట్టి ఉంచుతాడు. సూళ్లూరుపేట మీదుగా పారే కాళంగి నది పులికాట్‌లోనే కలుస్తుంది. ఆ సరస్సులోని చేపలు, రొయ్యలే జాలరుల జీవనాధారం. ఒకరి ఇంజనుకు పట్టిన మసి మరొకరి అన్నంలో కలవరాదు.