పులి పిల్లలు ఆ పూట ఏం తిన్నాయి?

ఈసారి పెన్షన్ల గురించీ, డ్రైనేజీ గురించీ కాదు. పిల్లలకి చెప్పే కథల గురించి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

అన్నం తినిపించేటప్పుడు మనం చెప్పే కథల్లో సగం జంతువులవే. ఆ జంతువులన్నిటికీ మనం వరసలు పెట్టుకున్నాం. నక్క బావ, ఎలుగుబంటి మామ, కుందేలు తమ్ముడు. ఏడు చేపల కథ చూడండి. చేప ఎందుకు ఎండలేదని అడగడం మొదలుపెడితే గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పసివాడు, చివరికి చీమ. ఒక ఇల్లంతా తిరిగొస్తాం. మన యానాంలోనే జాంబవాన్‌పేట ఉంది. ఆ పేటకి పేరు ఎలా వచ్చినా, భాగవతం ప్రకారం జాంబవంతుడు శ్యమంతకమణితో పాటు కూతురు జాంబవతిని కూడా కృష్ణుడికి ఇచ్చాడు. అంటే ఒక ఎలుగుబంటి దేవుడికి పిల్లనిచ్చిన మామగారయ్యాడు.

మా నాన్నగారి ఉద్యోగం వల్ల మేమూ, మా అన్నదమ్ములూ తమిళ మీడియంలో చదువుకున్నాం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఇక్కడి పిల్లలు చందమామ చదివితే మేము అంబులిమామ చదివాం. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో తెలుగు, తమిళం రెండూ ఒకేసారి మొదలుపెట్టారు. అంచేత సెలవులకి ఇక్కడికి వచ్చినప్పుడు కథలు కలిసేవి, లిపే వేరు. అక్కడి బడిలో మాకు మనునీతి చోళుడి కథ చెప్పేవారు. రాజకుమారుడి రథం కింద దూడ పడి చనిపోతే తల్లి ఆవు వెళ్ళి రాజుగారి గంట కొడుతుంది. రాజు తన కొడుక్కీ అదే శిక్ష వేస్తాడు. ఇక్కడ మా అమ్మమ్మ ఆవు, పులి కథ చెప్పేది. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో పెద్దగా రాసిన కథ అది. పులికి చిక్కిన ఆవు, దూడకి పాలిచ్చి వస్తానని మాటిచ్చి వెళ్తుంది. పాలిచ్చి, బుద్ధులు చెప్పి, మాట ప్రకారం తిరిగొస్తుంది. పులి మనసు కరిగి వదిలేస్తుంది.

ఈ కథ మా మనవరాలికి చెప్పాం. మూడో తరగతి చదువుతోంది. మామూలుగా ఆ కథ అయ్యాక పెద్దవాళ్ళం "చూశావా, ఆడిన మాట తప్పకూడదు" అంటాం. అది ఒక్క క్షణం ఆలోచించి, "తాతా, పులికి పిల్లల్లేవా? ఆ పూట అవి ఏం తిన్నాయి?" అంది.

మా ఇద్దరికీ జవాబు దొరకలేదు. అరవై ఏళ్ళుగా వింటున్న కథే. పులి ఇంటి దగ్గర ఎవరున్నారో మేమెప్పుడూ ఆలోచించలేదు.

తర్వాత తీరిగ్గా లెక్క చూసుకున్నాం. చోళుడి కథలో తల్లి ఆవే. పులి కథలోనూ తల్లి ఆవే. ఇంటి జంతువుకి అమ్మతనం ఇచ్చి, అడవి జంతువుకి నోరు, కోరలు మాత్రం ఇచ్చాం. పాముకాటు నుంచి పసివాణ్ణి కాపాడిన ముంగిస కథ కూడా పంచతంత్రంలో ఉంది. మూతికి నెత్తురు చూసి, బిడ్డని చంపేసిందనుకుని తల్లి దాన్ని చంపేస్తుంది. పెంచుకున్న ముంగిస గతే అలా అయితే, గట్టు మీద ఎదురైన అడవి జంతువు మాట ఎవరు వింటారు?

నిజానికి ఆడపులి ఒక్కతే పిల్లల్ని సాకుతుంది. ఇంచుమించు రెండేళ్ళు వేటాడి పెట్టి, వేట నేర్పి, అప్పుడు విడిచిపెడుతుంది. జిత్తులమారి అని మనం తిట్టే నక్క మంచి సంసారి. మగా ఆడా జంటగా బతుకుతాయి. ముందు కాన్పులో పుట్టిన పిల్లల్లో కొన్ని ఇంటి దగ్గరే ఉండి తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ తిండి తెచ్చిపెడతాయి. కరటకుడు, దమనకుడు అని మంత్రిపదవులు ఇచ్చాం గానీ ఈ సంగతి ఏ కథలోనూ చెప్పలేదు.

ఇవేవో దూరపు అడవుల సంగతులనుకోకండి. మనకి ఆనుకునే కోరింగ మడ అడవి ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. అక్కడ నక్కలున్నాయి. కుటుంబం కుటుంబంగా చేపలు పట్టే నీటికుక్కలున్నాయి. బావురుపిల్లి ఉంది. ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది, ఒంటి మీద చుక్కలు, వేళ్ళ మధ్య కొంచెం చర్మం. రాత్రిపూట నీటి అంచున కూర్చుని చేపని పంజాతో లాగుతుంది. ఒక కాన్పుకి రెండో మూడో పిల్లలు. రెల్లుగడ్డిలో దాచి వేటకి వెళ్తుంది. మన పిల్లలకి ఫోనులో చూసిన ఆఫ్రికా సింహం తెలుసు గానీ ఊరి పక్కనున్న ఈ పిల్లి తెలీదు. తెలిసిన పెద్దవాళ్ళకి అది చెరువు దగ్గర చేపల దొంగ.

అందుకని మా ఇంట్లో కథ మార్చి చెప్పడం మొదలుపెట్టాం. ఒక బావురుపిల్లి తల్లి పిల్లల్ని గడ్డిలో పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, చేపకోసం ఏటికి వెళ్తుంది. దారిలో కుక్కలు, వలలు, టార్చిలైట్లు. తెల్లారేలోపు చేపతో ఇంటికి చేరుతుంది. కథ అంతే. నీతి వాక్యం పెట్టలేదు.

పోయిన నెల మన పేట పిల్లలు చెరువు గట్టున గడ్డిలో రెండు చుక్కల పిల్లికూనల్ని చూశారు. తల్లి లేదనుకుని ఒకడు సంచీ తెచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళి పాలు పోద్దామని వాళ్ళ ఉద్దేశం, పాపం మంచిదే. మా మనవరాలు అడ్డం నిలబడి, "వాళ్ళమ్మ చేపకి వెళ్ళింది, పొద్దున్నకి వచ్చేస్తుంది, ముట్టుకోకండి" అని గోల పెట్టింది. పిల్లలు సంచీ మడిచి ఇళ్ళకి వచ్చేశారు. పెద్దవాళ్ళం కుక్కల్ని అటు పోనీయకుండా చూశాం. పొద్దున్న చూస్తే కూనలు లేవు. తల్లే వచ్చి తీసుకెళ్ళిందని పిల్లలంటున్నారు. మేమెవరం కళ్ళారా చూడలేదు. అవి బావురుపిల్లి కూనలో, మామూలు అడవిపిల్లి కూనలో చెప్పగలిగిన వాళ్ళూ మాలో లేరు.

బావురుపిల్లికి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో రక్షణ ఉంది, చంపితే జైలు. ఆ చట్టం అవసరమే. కానీ ఆ సాయంత్రం గట్టు మీద చట్టం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఒక కథ విన్న పిల్ల ఉంది.

ఆవు కథ మానేయమని చెప్పడం లేదు. అది మన అమ్మమ్మల సొత్తు, చెప్పండి. చెప్పాక, పులి కూడా ఇంటికి వెళ్ళిందని ఇంకో నాలుగు మాటలు కలపండి. నీటికుక్క, నక్క, బావురుపిల్లి గురించి మీ ఇంట్లో పెద్దలు చెప్పిన కథలుంటే రాసి సంఘానికి ఇవ్వండి. వేటకి వెళ్ళే మన అన్నదమ్ములకి మాకంటే ఎక్కువ తెలుసు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్తే మేము రాసుకుంటాం. రిటైరైన గుమాస్తా చెయ్యి, ఖాళీగానే ఉంది.