మా యింటి గడపలు

మన సంఘపు సంచికలలో సామాన్యముగా మన పెద్దలు ఈ ప్రాంతములకు ఎట్లు వచ్చిరి, మన బడులు ఎట్లు వెలసెను, మన పండుగలు ఎట్లు నిలిచెను అను విషయములను పండితులు వ్రాయుచుందురు. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను పూర్తిచేసి, ముప్పది యెనిమిదేండ్లు ఒక కార్యాలయములో ఫైళ్లు కట్టి విశ్రాంతి పొందిన గుమాస్తాను. ఏదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, నాకు చక్కగా తెలిసినదేమని ఆలోచింపగా మా యిల్లే తోచినది. అరువదియారేండ్లుగా ఆ యింట నున్నను, దానిని నిజముగా చూచినది గత రెండేండ్లలోనే. వయస్సులో నున్నప్పుడు ఇంటిలో తిరుగుదుమే గాని ఇంటిని చూడము. మోకాళ్లు నొచ్చిన పిదప ప్రతి గడపయు కంటబడును.

మాది బరంపురము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ పట్టణము మద్రాసు రాజధానిలోనిది. వి.వి. గిరిగారు 1894లో జన్మించినది ఈ ఊరనే. ఇక్కడి పాత వీథుల యిండ్లు ఎట్లుండునో మా ఊరి తెలుగువారికి చెప్పనక్కరలేదు. సోలాపురము, బళ్లారి సోదరుల కొరకు చెప్పుచున్నాను. ఇరుప్రక్కల గోడలు పొరుగువారితో ఉమ్మడి. వీథివైపున అరుగు, దాని వెనుక ముందుగది, నడిమిగది, దేవునిగది, వంటిల్లు, వసారా, పెరడు, పెరటికొసను మరుగుదొడ్డి. అన్నియు రైలుపెట్టెలవలె ఒకదాని వెనుక నొకటి యుండును. ప్రక్కలకు కిటికీలు పెట్టుటకు చోటు లేదు. వెలుగు ముందునుండి రావలెను, లేదా వెనుకనుండి రావలెను. నడిమిగదిలో మిట్టమధ్యాహ్నము గూడ సందెచీకటియే. మా తాతగారి కాలమున ముందుగదిలో గుంటమగ్గముండెను. నాన్నగారు కొలువులో జేరిన పిదప ఆ గుంటను పూడ్పించిరి గాని ఈనాటికిని అక్కడ నేల కొంచెము కుంగియే యుండును.

వీథినుండి అరుగునకు మూడు మెట్లు. ఇంటిలో సింహద్వారముతో గూడ ఐదు గడపలు. ఒక్కొక్కటి ఐదంగుళముల ఎత్తు.

మా యింట నేను, నా భార్య, మా అప్పగారు ఉన్నాము. అప్పగారు నాకంటె పదేండ్లు పెద్ద. చాలకాలము క్రిందట భర్తను కోల్పోయి పుట్టింటికి వచ్చిరి. నాకు రక్తపుపోటు, మధుమేహము. నా భార్యకు మోకాళ్లు. అప్పగారికి ఈ మూడును, కొంత చెముడును. 2023 డిసెంబరులో ఒక రాత్రి మూడు గంటలకు వారు పెరటికి బోవుచు వంటింటి గడప తగిలి పడిరి. తుంటివద్ద ఎముక విరిగినది. మరునాడు శస్త్రచికిత్స జరిగినది.

ఎముక సంగతి వైద్యులు చూచుకొనిరి. మమ్ము భయపెట్టినది వేరొకటి. శస్త్రచికిత్స జరిగిన రాత్రి అప్పగారు ఒడియా మరచిరి. అరువదేండ్లుగా బజారులో కూరలమ్మలతో ఒడియాలో బేరమాడి గెలిచిన మనిషికి ఒక్క మాట గూడ రాకపోయెను. ఆ వార్డులోని పరిచారిక ఎక్కడో పడమటి జిల్లానుండి క్రొత్తగా వచ్చిన పిల్ల. తెలుగు తెలియదు. ఆమె కాగితముపై “రోగి అర్థము లేని మాటలాడుచున్నది” అని వ్రాసినది. నేను వెళ్లి వినగా అప్పగారు “పెరటి తలుపు గడియ పెట్టేరా? మంచినీళ్లియ్యండర్రా” అనుచుండిరి. అర్థము లేని మాట అందులో ఏది?

మరునాటి ఉదయము వచ్చిన పెద్ద వైద్యుడు ఓపికగా వివరించెను. ముసలివారికి పెద్ద శస్త్రచికిత్స తరువాత కొన్నాళ్లు మనస్సు కలత చెందుట సామాన్యమనియు, అట్టి స్థితిలో తరువాత నేర్చిన భాష జారిపోయి మొదట నేర్చిన భాషయే మిగులవచ్చుననియు చెప్పెను. అప్పగారి కండ్లద్దములను, చెవి యంత్రమును పోవునేమోయని వార్డువారు తీసి భద్రపరచియుండిరి. కనబడక, వినబడక, తెలిసిన మాట లేక యున్నచో మనస్సు మరింత చెదరునని చెప్పి ఆయనయే వానిని తిరిగి పెట్టించెను. నా భార్య ప్రక్కన గూర్చుండి ఊరి కబుర్లు తెలుగులో చెప్పసాగెను. మూడవనాటికి అప్పగారు ఆ పరిచారికనే ఒడియాలో మందలించుచుండిరి.

హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి వచ్చి, “నాన్నగారూ, ఇక్కడ ఇంకెందుకు? మా ఫ్లాటుకు లిఫ్టు ఉంది. గడపలు లేవు. అత్తకు కావలసినంత తెలుగూ ఉంది” అనెను. మాట సహేతుకమే. అప్పగారు మంచముపైనుండి, “తెలుగుందిలే నాయనా. పొద్దున్న మీరిద్దరూ తలుపేసుకుని పోతే నేనెవరితో మాటాడాలి? ఈ అరుగు మీద కూచుంటే పదిమంది పలకరిస్తారు, ఒడియా అయితేనేం” అనిరి. ఆ మాటకు మావాని యొద్ద సమాధానము లేదు. నా యొద్దను లేదు. ఇక ఇచ్చటనే యుండవలెనన్నచో ఈ యింటిని మార్చక తప్పదు.

ప్రపంచములో ఏటేట 6,84,000 మంది పడిపోయి మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెల్పినది. వారిలో అరువదేండ్లు దాటినవారే అధికమట. పెద్ద వయస్సువారు పడుట చాలవరకు కొండలెక్కి గాదు, తమ యింటిలోనే.

నేను గుమాస్తా బుద్ధితో ఒక పుస్తకము, ఒక టేపు తీసికొని ఇల్లంతయు కొలిచితిని. అప్పగారి మంచమునుండి మరుగుదొడ్డికి అరువదిరెండడుగులు. నడుమ రెండు గడపలు, ఒక మలుపు, ఒక్క దీపము. ఆ దీపపు మీట గది అవతలి గోడకు ఉన్నది. అనగా వెలుగు కావలెనన్నచో ముందు చీకటిలో నడువవలెను! తొలిపని మంచమును వెనుక వసారాలోనికి మార్చుట. దూరము పదునెనిమిదడుగులకు తగ్గినది. నులకమంచము తీసివేసి, కూర్చున్నప్పుడు పాదములు నేలకానునట్టి చెక్కమంచము వేసితిమి. కుంగిన నులకనుండి లేచుట విరిగిన తుంటికి శిక్ష. దారి పొడవునను గోడ క్రిందిభాగమున చిన్న దీపములు పెట్టించితిని. అవి రాత్రియంతయు వెలుగును. వానికగు విద్యుత్తు ఖర్చు స్వల్పము.

గడపలవద్ద యుద్ధము జరిగినది. “గడపకు పసుపు రాయని ఇల్లు ఇల్లేట్రా?” అని అప్పగారు. “వదినగారూ, ఆ గడపే గదా మిమ్మల్ని పడేసింది” అని నా భార్య. “అది పడేయలేదు, చీకటి పడేసింది” అని అప్పగారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. పది దినములు చర్చ నడిచినది. వడ్రంగి రెండు పర్యాయములు వచ్చి కాఫీ త్రాగి వెళ్లెను. చివరకు సింహద్వారపు గడప, దేవునిగది గడప ఉంచి, తక్కిన మూడును తీసి నేల సమము చేయుటకు అంగీకారము కుదిరినది. మగ్గపు గుంట కుంగిన చోటు గూడ ఆ పనిలోనే సరియైనది. దేవునిగదిలోనికి అప్పగారు వెళ్లరు. గడప ఇవతల కుర్చీలో గూర్చుండి దండము పెట్టుకొందురు. సింహద్వారపు గడపకు నేటికిని పసుపు రాయుచున్నారు. మసకబారిన కంటికి నల్లని నేలపై పచ్చని గీత ఎంత స్పష్టముగా కనబడునో అప్పుడు నాకు తెలిసినది. అదే చూచి అరుగు మెట్ల అంచులకు గూడ పసుపురంగు పట్టీ వేయించితిని.

అరుగునకు మెట్లు తీసి వాలుదారి కట్టుదమని అబ్బాయి సలహా. ఒక అంగుళము ఎత్తునకు పండ్రెండంగుళముల పొడవుండవలెనని ఇంజనీర్ల లెక్క. మా అరుగు ఇరువదియేడంగుళములు. అనగా వాలుదారి ఇరువదియేడడుగులు. అంత కట్టినచో అది వీథి దాటి ఎదురింటి వంటగదిలోనికి పోవును. ఆ సలహా అంతటితో ఆగినది.

స్నానపుగదిని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను, ఏలయన మనవారు అభ్యంగనము మానరు. నూనె, కుంకుడురసము, నున్నని నాపరాయి, ఈ మూడును కలిసినచోట కుర్రవాడైనను జారును. గరుకుపలకలు వేయించి, ఎత్తైన బల్లపై కూర్చుండి నీళ్లు పోసికొను ఏర్పాటు చేసితిమి. గోడకు ఒకటిన్నర అంగుళపు గొట్టపు పిడి బిగింపబోగా మట్టితో కట్టిన పాతగోడ మేకులను నిలుపలేదు. మేస్త్రీ గోడ ఈవలనుండి ఆవలకు బోల్టులు దూర్చి, వెనుక ఇనుపరేకు వేసి బిగించెను. నా బరువంతయు మోపి లాగి చూచిన పిదపనే అప్పగారిని పట్టుకొననిచ్చితిని. తువాలు కొయ్యను ఎన్నడును పట్టుకొనరాదు. అది తువాలును మాత్రమే మోయును. తలుపును బయటికి తెరచుకొనునట్లు మార్పించితిని. లోపలికి తెరచుకొను తలుపు వెనుక మనిషి పడినచో ఆ దేహమే తలుపునకు అడ్డమగును. గడియ గూడ బయటినుండి తీయుటకు వీలైనది.

చెప్పుల విషయము మనకు కొంచెము కష్టము. ఇంటిలో చెప్పులు వేయుట మన ఆచారము గాదు. కాని మధుమేహమున పాదములకు స్పర్శ తగ్గును. ముల్లు గ్రుచ్చుకొన్నను, వేడినీరు కాల్చినను తెలియదు. అందుచే ఇంటికి మాత్రమే వేరుగా మెత్తని రబ్బరు చెప్పులు కొంటిమి. అవి వీథి ముఖమెరుగవు. దేవునిగది ముందు విడుతుము. రాత్రి పండుకొనుటకు ముందు పాదములను చూచుకొనుట నాకును, నా భార్యకును ఒక నియమమైనది. నా అరికాలు నాకు కనబడదు గనుక ఆమె చూచును, ఆమెది నేను చూతును. పెండ్లియైన నలుబదేండ్లకు ఇట్టి పాదసేవ లభించునని ఎవరనుకొందురు?

మందులవలన గూడ మనుష్యులు పడుదురు. రక్తపుపోటు మందు వాడువారు మంచమునుండి దిగ్గున లేచినచో పోటు పడిపోయి కండ్లు తిరుగవచ్చును. రెండు నిముషములు మంచముపై కూర్చుండి, కాళ్లు ఆడించి, పిదప నిలువవలెను. అప్పగారికి మూత్రము ఎక్కువగా తెప్పించు మాత్ర యొకటి సాయంత్రము వేయుచుండగా, వైద్యుని అడిగితిమి. ఆయన దానిని ఉదయమునకు మార్చెను. రాత్రి మూడుసార్లు లేచువారు ఒక్కసారి లేచుచున్నారు. ఇట్టి మార్పు వైద్యునడిగియే చేయవలెను, అడుగుటకు మాత్రము మొగమాటపడరాదు.

ఇక భాష. మందుల అట్టలపై ఇంగ్లీషు. అప్పగారికి వచ్చినది తెలుగు అక్షరములే. అందుచే డబ్బాలపై వ్రేలెడు అక్షరములతో “పొద్దున్న తిన్నాక”, “రాత్రి” అని తెలుగులో వ్రాసితిని. అప్పుడప్పుడు వచ్చి సాయము చేయు మనుమరాలికి ఆ అక్షరములు రావు. ఆ పిల్ల చదువుచున్నది ఒడియా, ఇంగ్లీషు. ఆమె కొరకు ప్రక్కన సూర్యుని, చంద్రుని బొమ్మలు వేసితిని. అప్పగారి కొంగున ముడివేయు చీటి మాత్రము తెలుగులో వ్రాయలేదు. అందులో పేరు, వ్యాధులు, మందులు, మా ఫోను నెంబరు, “ఈమెకు చెవుడు, కలవరపడినప్పుడు తెలుగు మాత్రమే తెలియును” అను వాక్యము, ఒడియాలోను ఇంగ్లీషులోను ఉన్నవి. ఆపదలో ఆ చీటి చదువువాడు ఆటో నడుపువాడో, ఆస్పత్రి పరిచారికయో. వారికి తెలియు లిపిలో నుండవలెను గదా. రెండవ వాక్యమును మీ మీ ఊళ్లలో కన్నడమునకో, తమిళమునకో, మరాఠీకో మార్చుకొనవచ్చును.

ప్రభుత్వపు సదుపాయములను గూర్చి రెండు మాటలు. డెబ్బదేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స నిచ్చు ఆయుష్మాన్ పథకము 2024 అక్టోబరులో ఆరంభమైనది. ఒడిశా 2025లో అందు జేరినది. వృద్ధుల కష్టసుఖములకు 14567 అను ఫోను నెంబరున్నది. పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రమును ఇంటినుండియే ఫోనుతో పంపవచ్చును. ఆ పత్రము కొరకు మెట్లెక్కి వరుసలో నిలిచి సొమ్మసిల్లిన వృద్ధులను నా ఉద్యోగకాలమున చాలమందిని చూచితిని.

ఇప్పుడు మిగిలినది అరుగు మెట్ల సంగతి. కుడివైపున ఒక కమ్మీ నిలబెట్టించితిని. అప్పగారు దానిని పట్టుకొని అరుగెక్కగలరు. దిగునప్పుడు అది ఎడమచేతి వైపగును, వారి ఎడమచేయి బలహీనము. రెండేండ్ల కొకసారి ఠాకురాణి యాత్రలో అమ్మవారి ఘటములు వచ్చునప్పుడు అరుగుపైనుండి గాక, వీథిలోనికి దిగి నిలువవలెనని వారి పట్టుదల. రెండవ కమ్మీ పెట్టవలసిన చోటు మా అరుగునకును పొరుగింటి అరుగునకును నడుమ నున్న జానెడు సందు. పొరుగాయన ఒడియావారు, పేచీలకు పేరుబడినవారు. నాన్నగారి నాట ఇదే సందులో వానచూరు విషయమై ఆరునెలలు మాటలు లేవు. నేను జంకుచునే వెళ్లి అడిగితిని. ఆయన తన మోకాలు నిమురుకొనుచు బయటికి వచ్చి, సందును, మెట్లను తేరిపార చూచి, “సగము ఖర్చు నాది. కొంచెము ఇటువైపు జరిపి పాతించు” అనెను. ఆయన ఎక్కునప్పుడు అది ఆయనకు కుడిచేతి వైపగును, అప్పగారు దిగునప్పుడు వారికిని కుడిచేతి వైపే. మేస్త్రీ సోమవారము వచ్చెదనన్నాడు.