కుడతినిలో సాయం అంటే హాస్టలే

గుంతకల్లులో తెల్లవారుజామున ఎక్కిన రైలు బళ్లారిలో దించింది. అక్కణ్నుంచి హొసపేట బస్సెక్కాను. కుడతిని పెద్ద దూరమేం కాదు గానీ, లారీల వెనక పడి గంట దాకా పట్టింది. కండక్టరు కన్నడంలో అడిగాడు, నేను తెలుగులో చెప్పాను, టికెట్టు కొట్టాడు. ఊరు రాకముందే పొగగొట్టాలు కనిపించాయి. 1,700 మెగావాట్ల థర్మల్ కేంద్రం అది. హొసపేట దారిలోనే కొత్తరాతి యుగం నాటి బూడిద దిబ్బ కూడా ఉంది. రాక్షసుణ్ని కాల్చిన చితి అని పెద్దలు చెప్పుకునేవారట. పశువుల దొడ్లలో పేడ కాలగా మిగిలిన బూడిదని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. మన పాలమూరు ఉట్నూరులో 1957లో తవ్వినప్పుడు బయటపడిందీ ఇలాంటిదే.

నేను వెళ్లింది దిబ్బ కోసం కాదు. సంపాదించే మనిషి పోయిన ఇల్లు, జబ్బుతో చితికిన ఇల్లు, చెదిరిపోకుండా నిలబడడానికి ఊళ్లో ఏం దొరుకుతుందో చూద్దామని వెళ్లాను.

టీ అంగడాయన తడుముకోలేదు. “అన్నీ ఉన్నాయి సార్. అంగనవాడి ఉంది, స్త్రీశక్తి ఉంది. మరీ కష్టమైతే పిల్లలకు హాస్టల్ ఉంది గదా!” అన్నాడు. స్త్రీశక్తి అనగానే నేను ఉచిత బస్సనుకున్నాను. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సుకు అదే పేరు. ఇక్కడ ఆ పేరుతో ఉన్నవి ఆడవాళ్ల పొదుపు సంఘాలు. ఉచిత బస్సును ‘శక్తి’ అంటారు. మాట ఒకటే, సరిహద్దు దాటగానే అర్థం వేరు.

అంగనవాడి ఒకే గది. గోడవార పళ్లేలు బోర్లించి ఉన్నాయి. వాటి అంచుల మీద మేకుతో పిల్లల పేర్లు గీశారు, అన్నీ కన్నడ అక్షరాల్లో. ఒక్క పళ్లెం మీద మాత్రం తెలుగులో ఉంది. “వాళ్లమ్మ ఆదోని మనిషి, ఆమే గీసుకొచ్చింది” అని టీచరు నవ్వింది. 2017 నుంచి కర్ణాటకలో గర్భిణులకూ బాలింతలకూ మధ్యాహ్నం అన్నం అంగనవాడిలోనే. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి లాంటిదే. నేను వెళ్లేసరికి ఇద్దరు తిని చేతులు కడుక్కుంటున్నారు.

ఆ పళ్లెం తల్లిని సాయంత్రం కలిశాను. భర్త పోయి రెండేళ్లయింది. ఇద్దరు పిల్లలు, ముసలి అత్త. నాలుగిళ్లలో పని చేస్తోంది. ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రసే ఉంది. కర్ణాటక అడ్రసు లేదు, అందుకని ‘శక్తి’ బస్సులో కూడా టికెట్టు కొంటుంది. కర్ణాటక రేషన్ కార్డు లేదు కాబట్టి నెలనెలా ఇచ్చే ‘గృహలక్ష్మి’ రెండు వేలూ రావు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లి బళ్లారి మైసూరులో కలిసింది. సంబంధాలు మాత్రం అటూ ఇటూ కలుపుకుంటూనే ఉన్నారు. సరిహద్దు గీత బరువు ఇలాంటి కోడళ్ల మీద పడుతోంది.

“పిల్లోళ్లని హాస్టల్లో ఏసెయ్యమంటారు సార్, అందరూ. ఏసేస్తే రాత్రికి నేను యెవురి మొగం జూసేది?” అంది. సంఘంలో అప్పు తీసుకుని పెద్దవాడి ఫీజు కట్టింది. పిల్లల్ని పగలంతా చూసేది అత్తే. తమ సంఘంలో ఎవరి పిల్లలూ హాస్టలుకు పోలేదని సంఘం పెద్దమ్మ గట్టిగా చెప్పింది. ఇల్లిల్లూ తిరిగి అడిగేంత వ్యవధి నాకు లేకపోయింది.

ఆ రోజు నేను మాట్లాడిన వాళ్లలో ఒక్కరి నోటా రాని మాట ‘స్పాన్సర్‌షిప్’. 2015 బాలల న్యాయ చట్టం, పిల్లల్ని సంస్థలో పెట్టడం చివరి దారి కావాలంటుంది. ఇంట్లోనే ఉంచి పెంచడానికి మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌గా నెలకు ఒక్కో బిడ్డకు రూ.4,000 ఇవ్వాలి. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినదైనా, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బులో ఉన్నా, అమ్మానాన్నలు లేక బంధువుల దగ్గర పెరుగుతున్నా అర్హతే. కుటుంబం ఏడాది ఆదాయం పల్లెలో రూ.72,000, మిగతాచోట్ల రూ.96,000 దాటకూడదు. ఇది కేంద్ర పథకం, సరిహద్దుకు ఇవతలా అవతలా ఉంది. నేను చెబితే ఆమె నమ్మలేదు. “నాలుగు వేలా? ఇంట్లో పెట్టుకుంటేనా?” అని రెండుసార్లు అడిగింది. కాగితం ముక్క మీద రాసిచ్చాను. అత్త దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

తిరుగు బస్సు ఆలస్యమైంది. అంగడాయన మళ్లీ టీ ఇచ్చి, “చూసినారు గదా సార్, అన్నీ ఉన్నాయి” అన్నాడు.

మీ వీధిలో ఇలాంటి తల్లి ఉంటే, హాస్టలు మాట ఎత్తకముందు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. ఆఫీసు ఎక్కడో తెలియకపోతే 1098కి ఫోన్ చేసి అడగండి.