ఫుట్‌బాల్ ఆటయు, మా తరగతియు

సాయంకాలము బడి గంట కొట్టగనే మా పాఠశాల మైదానమున ఫుట్‌బాల్ ఆడు బాలుర కేకలు వినబడుచుండును. మేము గట్టున నిలిచి ఆ యాటను చూచినవారమే గాని యెన్నడును బంతిని తన్నినవారము కాము. అట్టి మేము గత వేసవి సెలవులలో ఒక ఫుట్‌బాల్ జట్టునకు మేనేజరుగా నుంటిమని చెప్పినచో మా విద్యార్థులు నవ్వుదురు. నవ్వవచ్చును, ఆ జట్టు కంప్యూటరులోనిది. అయినను అది మాకు నేర్పిన పాఠము మా వృత్తికి సంబంధించినది గనుక దానిని ఈ సంచికలో వ్రాయుచున్నాము.

కళాశాలలో చదువుచున్న మా కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చి హాట్రిక్ అను నొక ఆటను మాకు చూపెను. ఇది 1997వ సంవత్సరమున స్వీడన్ దేశమున పుట్టినది. ఇంటర్నెట్టు ద్వారా అనేక దేశములవారు దీనిని ఆడుదురు. ఇందు మీటలు నొక్కి బంతిని పరుగెత్తించుట లేదు. ఎవరిని ఏ స్థానమున నిలుపవలెనో, ఎవరిని కొనవలెనో, ఎవరిని అమ్మవలెనో, ఏ నేర్పునందు శిక్షణ నీయవలెనో నిర్ణయించుటయే ఆడువాని పని. వారమునకు లీగు పోటీ యొక్కటి. వారము నడుమ కప్పు పోటీయో స్నేహపు పోటీయో మరియొక్కటి. దినమునకు కొలది నిమిషములు చాలును గనుక తలిదండ్రులు భయపడ నక్కరలేదు. ఓపిక లేనివానికి మాత్రము ఈ యాట తగదు.

ఆ జట్టులోని ప్రతి యాటగానికిని ఏడు నేర్పులు గలవు. గోలు కాచుట, ఎదిరి జట్టును అడ్డుకొనుట, మైదానపు నడుమ నుండి ఆట నడుపుట, అంచు వెంబడి చొచ్చుకొనిపోవుట, బంతి నందించుట, గోలు కొట్టుట, ఫ్రీకిక్కు మొదలగు నిలిపిన బంతులను తన్నుట అనునవి. దమ్ము అనునది వేరు. ఒక్కొక్క నేర్పునకు సున్న మొదలు 20 వరకు మెట్లున్నవి. మెట్టుమెట్టునకు ఒక పేరు గలదు. అట్టడుగు మెట్టు నేర్పు లేనేలేదనియు, 20వ మెట్టు దైవికమనియు చెప్పును. జట్టులో చేరునప్పుడు కుర్రవాని వయస్సు కనీసము 17 ఏండ్లు. ఆ యాటలో 112 దినములే యొక యేడు.

శిక్షణ యెట్లు జరుగునో చెప్పుదుము. క్లబ్బంతటికిని ఒక వారమున ఒకే నేర్పునందు శిక్షణ. ఫలితము వారమునకు ఒక్కమారు తేలును. అయితే ఆ శిక్షణ అందరికిని దక్కదు. ఆ నేర్పునకు తగిన స్థానమున నిలిచి ఆ వారము పోటీ ఆడినవానికే ముఖ్యముగా దక్కును. ఆట నడుపుట నేర్పదలచితిమేని, నడిమి మిడ్‌ఫీల్డర్లకు పూర్తి ఫలము, అంచున నాడు వింగర్లకు సగము. 90 నిమిషములును ఆడినవానికి నిండు కొలత. కొంతసేపు ఆడినవానికి ఆ కొలదియే. బయట బల్లపై కూర్చుండి చూచినవానికి ఆ నేర్పున ఏమియు లేదు. గనుక తెలిసిన మేనేజరు లీగు పోటీలో ముగ్గురను, వారము నడిమి పోటీలో వేరు ముగ్గురను నిలిపి ఆరుగురకు నేర్పించుకొనును.

ఇక వేగము. చిన్నవాడు త్వరగా నేర్చును, పెద్దవాడు మెల్లగా. క్రింది మెట్టు త్వరగా ఎక్కవచ్చును. పై మెట్టు ఆలస్యము. ముప్పది దాటినవాడు నేర్చినదే క్రమముగా జారవిడుచుకొనును. శిక్షకుని నేర్పును, సహాయకుల స్థాయియు, శిక్షణ తీవ్రతయు, అందు దమ్మునకై తీసిపెట్టిన భాగమును లెక్కకు వచ్చును. ఇంత లెక్క యున్నను చూచువానికి కనబడునది మెట్టు మాత్రమే. రెండు మెట్ల నడుమ ఆటగాడు ఎంత దూరము వచ్చెనో ఆ పట్టికలో వ్రాయబడదు. వారము వెంట వారము అది లోలోపల పోగగును. నిండిన దినమున మెట్టు మారును. అంతవరకు నిన్నటివాడే నేటివాడుగా కనబడును.

మేము మొదట ఈ సంగతిని గ్రహింపలేదు. ఒక వారము గోలు కొట్టుట, మరు వారము అడ్డుకొనుట, ఆ పై వారము బంతి నందించుట నేర్పించితిమి. ఎవడును మెట్టు మారలేదు. మా కుమారుడు చూచి, “నాన్నగారూ, మీరు వారమునకొక చోట నుయ్యి త్రవ్వుచున్నారు. ఎక్కడను నీరు పడునంత లోతు పోలేదు” అనెను. వాని మాట విని ఆట నడుపుటయందే నిలిచితిమి. అయినను గెలుపుపై నాశచేత ముప్పది దాటిన మిడ్‌ఫీల్డర్లనే నిలుపుచు, 17 ఏండ్ల కుర్రవారిని బల్లపై కూర్చుండబెట్టితిమి. వానిలో నొకనిని మాత్రము స్నేహపు పోటీలలో నాడించితిమి. కొన్ని వారములు గడచెను. వాని మెట్టు మారలేదు. “వీడు ఎదుగువాడు కాడు” అని వానిని అమ్మివేసితిమి.

పరుల జట్టులోని యాటగాని నేర్పులు మనకు కనబడవు. అమ్మకమునకు పెట్టినప్పుడు మాత్రము కనబడును. కొన్ని వారములకు వానిని కొన్నవారు మరల అమ్మకమునకు పెట్టగా చూచితిమి. మెట్టు మారియుండెను. మేము పుచ్చుకొన్న సొమ్మునకు ఎంతో మించిన ధర పలుకుచుండెను. మేము పోసిన నీరు వారి కుండలో నిండినది. కంప్యూటరులోని బొమ్మయే గదా యని నవ్వుకొంటిమి.

ఆ నవ్వు జూను మాసము వరకే నిలిచెను. బడి తెరచిన వారమున ఒకతడు తన కుమార్తెను ఆరవ తరగతిలో చేర్చుటకు వచ్చెను. మేము దరఖాస్తును నింపబోగా, “నేనే వ్రాసెదను, మాస్టరుగారూ” అని కలము పుచ్చుకొని, గుండ్రని యక్షరములతో తప్పు లేక వ్రాసెను. పేరు చూచి ఆనవాలు పట్టితిమి. ఇరువది యేండ్ల క్రిందట, ట్రైనింగు కాలేజీ విడిచి మేము క్రొత్తగా పనిలో చేరిన దినములలో, మా తరగతి వెనుక బల్లపై కూర్చుండిన బాలుడతడు. ఆనాడు పాఠప్రణాళికలను చక్కగా వ్రాయువారమని మాకు గర్వము. పాఠము త్వరగా సాగవలెనని బాగుగా చదువు నలుగురినే లేపి చదివించెడివారము. ఇతనిని లేపినది ఆ సంవత్సరమున రెండు మూడు మారులకు మించదు. దసరా వెళ్లిన పిదప ఇతని తండ్రిని పిలిపించి, “వీనికి చదువు రాదు; ఏదైన పనిలో పెట్టుడు” అని చెప్పితిమి. ఆయన మా మాట నమ్మి బడి మాన్పించెను.

“నీకు ఇంత చక్కగా వ్రాయుట ఎట్లు వచ్చినది, నాయనా?” అని యడిగితిమి. అతని మాటలో నిష్ఠూరము లేదు. “నన్ను దర్జీ కొట్టులో పెట్టినారండి. మా యజమానికి చూపు తగ్గినది. ప్రతి యుదయమును పత్రిక చదివి వినిపించుమనెడివాడు. మొదట కూడబలుకుకొని చదివెడివాడను. ఆయన విసుగుకొనక వినెడివాడు. అక్కడ దినమును నా వంతే గదండీ” అనెను.

ఆ దినమున మాకు అన్నము సయింపలేదు. మేము చెడ్డ శిక్షకులమని కాదు. బల్లపై కూర్చుండబెట్టి, శిక్షణ నిచ్చితిమని తలచితిమి. ఎదుగుదల కనబడలేదు గనుక లేదనుకొంటిమి. ఆటలో అమ్మినది ఒక లెక్కను. తరగతిలో పంపివేసినది ఒక బిడ్డను. దర్జీ తన కొట్టులో చేసిన పనిని, అందుకై జీతము పుచ్చుకొనిన మేము చేయలేదు.

ఈ సంవత్సరము మా తరగతిలో హాజరుపట్టీ వరుస ప్రకారము ప్రతి విద్యార్థియు దినమునకు నాలుగు పంక్తులు నిలిచి చదువుచున్నారు. పాఠము మెల్లగా సాగుచున్నది. దర్జీ కుమార్తెయు తన వంతు చదువుచున్నది.

విద్యార్థులారా, మీ వంతు వచ్చినప్పుడు తప్పులకు జంకి వెనుకకు పోకుడు; చూచుచు కూర్చుండినవానికి నేర్పు దక్కదు. తలిదండ్రులారా, ప్రోగ్రెసు కార్డుపై అంకె మారలేదని బిడ్డను పనికిరానివాడనకుడు. ఆ కార్డు మెట్టును చూపునే గాని నడుమ నడచిన దూరమును చూపదు. ఎవరైన “మీ వానికి చదువు రా” దని చెప్పినచో, మేమే చెప్పినను, వెంటనే నమ్మకుడు.

మా తరగతిలో జూనులో కూడబలుకుకొని చదివినవారు అయిదుగురు. ముగ్గురు ఇప్పుడు ధారాళముగా చదువుచున్నారు. ఇద్దరు ఇంకను కూడబలుకుచునే యున్నారు. వారి లోపల ఎంత పోగైనదో మాకు తెలియదు. రేపటి వంతు మాత్రము వారికి గలదు.