చెవిలో రికాబు

కిందటేడు కనుమ మర్నాడు పొద్దున్నే పుక్కిలిద్దామని నీళ్ళు పోసుకుంటే, ఎడం పక్కనుంచి ధారగా కారిపోయాయి. అద్దంలో చూసుకుందును కదా, మూతి కుడివైపు జరిగింది! ఎడమ కన్ను మూతపడదు. "పక్షవాతం!" అంటూ మావారు కుర్చీలో కూలబడితే, ఆయనకి మంచినీళ్ళిచ్చి నేనే ఆటో పిలిచాను.

డాక్టరుగారు చూసి, అంత భయం లేదు, ముఖానికెళ్ళే నరం వాచింది, చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది అన్నారు. మూతి సంగతి సరే, చెవి మాటేమిటండీ? గరిటె కింద పడితే పిడుగు. గోదావరి వంతెన మీద రైలు మా వంటింట్లోంచే వెళుతున్నట్టుంది.

"ఆ చెవిలో స్టెపీడియస్ పనిచెయ్యడం లేదమ్మా" అన్నారాయన.

జబ్బు మరిచిపోయి పేరు పట్టుకున్నాను. బి.ఏ. చదువుకున్న బుద్ధి! పేరెంత పెద్దదో కండ అంత చిన్నది. ఎముకల్ని కదిలించే కండల్లో దీన్ని మించిన పొట్టిది ఒంట్లో లేదు. ఓ 6 మిల్లీమీటర్లు, వడ్లగింజంత కూడా ఉండదు. అది పట్టుకున్న ఎముక మరీ నువ్వుగింజ. గుర్రపు జీను రికాబులా ఉంటుందని ఆ ఎముకకి లాటిన్‌లో స్టేపీస్ అని పేరు. దాన్నిబట్టి కండకీ పేరొచ్చింది. తమాషా ఏమిటంటే, పాత రోమన్లకి రికాబులే లేవు. వస్తువే లేకపోతే మాటెక్కడిది? తరవాతి పండితులు కల్పించుకున్నారు. మనకి అంకవన్నె అని ఎంచక్కా సొంత మాటే ఉంది.

పెద్ద చప్పుడొస్తే ఈ కండ రికాబుని వెనక్కి లాగి పడుతుందిట. మనం నోరు విప్పబోయేముందు కూడా బిగుస్తుందిట, మన గొంతుకి మనమే దడుచుకోకుండా. దీనికీ ఆ ముఖనరమే దిక్కు.

ఇంటికొచ్చి మా అత్తగారిని "కాఫీ కలపనా?" అన్నాను, రోజూలాగే. ఆవిడకి ఎనభై దాటాయి, చెవుడు. ఉలిక్కిపడ్డాను. ఎవరో ఎవర్నో కసురుతున్నారు! మళ్ళీ అడిగాను. నేనే.

"ఇన్నాళ్ళూ మీరంతా విన్నది ఇదేనా?" అంటే మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆనాటినుంచి పీట దగ్గరికి జరుపుకుని, ఆవిడ ముఖం చూస్తూ మెల్లిగా విడమరిచి చెప్పడం మొదలెట్టాను. ఆవిడకోసమేం కాదు, అబద్ధమెందుకు? నా చెవి భరించలేకే. ఆశ్చర్యం, అరిచినప్పటికన్నా ఇదే ఆవిడకి బాగా అందేది! ఏళ్ళతరబడి "ఊఁ" తప్ప అనని మనిషి, కోనసీమ కాలవలో పడవ మీద కాపరానికొచ్చిన కథంతా మూడు మధ్యాహ్నాలు చెప్పారు.

మూడో నెలకి మూతి తిన్నబడింది. స్టెపీడియస్ డ్యూటీలో చేరింది. మొన్న పాలు పొంగుతుంటే వంటింట్లోంచి "అత్తయ్యగారూ!" అని ఒక్క కేక పెట్టాను. నా చెవికి మెత్తగానే వినిపించింది సుమండీ.

ఆవిడ వత్తులు చెయ్యడం ఆపి నాకేసి చూశారు.

"నయమైపోయిందన్నమాట, అమ్మాయ్" అన్నారు.