కరెంటు తీగ మీద సింహం కూచోదు

దసరా పొద్దున వాట్సాప్‌లో వచ్చిపడే పాలపిట్టల్ని ఈసారి కాస్త పరీక్షగా చూడండి. గొంతు కింద లేత వంగపువ్వు రంగు ఉండి, తోక చివర రెండు సన్నని ఈకలు పొడుగ్గా వేలాడుతుంటే అది మన పిట్ట కాదు. కెన్యాలోనో టాంజానియాలోనో తుమ్మచెట్టు చిటారున కూర్చుని ఫొటో దిగిన దాని దాయాది, లైలాక్ బ్రెస్టెడ్ రోలర్. తెలంగాణ రాష్ట్రపక్షి అయిన మన పాలపిట్ట కూర్చున్నంతసేపూ మట్టిరంగులో ముడుచుకుని ఉంటుంది, రెక్క విప్పాకే అసలు నీలం బయటపెడుతుంది. ఆఫ్రికా దాయాదికి ఆ మొహమాటం లేదు. కూర్చున్నా అందమే. అక్కడి గైడ్లు దాని ఒంటిమీద ఎనిమిది రంగులు లెక్కపెట్టి మరీ చూపిస్తారు.

మసాయి మారాలో ఇదేమీ అపురూపమైన పిట్ట కాదు. దాని దగ్గర బండి ఆపించడమే అపురూపం. నలుగురితో కలిసి ఎక్కిన సఫారీ జీపులో పిట్టల పిచ్చివాడంటే అందరికీ చిరాకే. డ్రైవరు రేడియోలో స్వాహిలీ మాటల మధ్య ‘సింబా’ అని వినపడిందంటే చాలు, బళ్లన్నీ దుమ్ము లేపుకుంటూ అటే పరుగు. మా బండిలో విజయవాడ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరున్నారు. నేను రెండోసారి బండి ఆపించేసరికి ఆవిడ, “బాబూ, ఈ పిట్ట మన ఊళ్లో కరెంటు తీగ మీద కూడా కూచుంటుంది. సింహం కూచోదుగా!” అన్నారు. దానికి జవాబేముంది? “అయిదు నిమిషాలండీ” అని బతిమాలుకున్నాను.

ఆ అయిదు నిమిషాల్లో బోలెడు పనుంది. ముందు ఇంజన్ ఆపించాలి, లేకపోతే ఆ వణుకంతా ఫొటోలోకి వస్తుంది. జీపులో ట్రైపాడ్ పెట్టేంత చోటుండదు. అందుకే ఖాళీ గుడ్డసంచి ఇంటి నుంచి తీసుకెళ్లి, అక్కడి అంగట్లో బియ్యమో బీన్సో కొని నింపి, కిటికీ అంచున వేసుకుని దానిమీద లెన్స్ ఆనిస్తాం. పిట్టలు ఎదురుగాలికే లేస్తాయి కాబట్టి గాలీ ఎండా రెండూ మన వీపు వైపు నుంచి వచ్చేలా బండి నిలపాలి. అప్పుడు పిట్ట లేచిందంటే మన వైపే వస్తుంది. ఇక అది మెడ ముందుకు చాచి, ఒళ్లు బిగించి, రెట్ట వేసిందంటే ఎగరబోతోందన్నమాట. షట్టర్ సెకనులో 2,500వ వంతుకు పెట్టి వేలు నొక్కిపట్టడమే. గడ్డిలోంచి మిడతని ముక్కున కరుచుకుని మళ్లీ ఆ కొమ్మకే వచ్చి, దాన్ని కొమ్మకేసి నాలుగు బాదులు బాది మింగుతుంది. ఓపికుంటే అదీ దొరుకుతుంది.

ఇంతాచేస్తే ఆ నీలం అసలు రంగే కాదు. ఈకని నలిపి పొడి చేస్తే నీలం మాయమవుతుంది. ఈక పోచల లోపల గాలి నిండిన అతి సన్నని సందులుంటాయి. పడిన వెలుగులోంచి నీలాన్ని వెనక్కి చెదరగొట్టేవి అవే, మిగతాదాన్ని అడుగునున్న నల్లటి పొర మింగేస్తుంది. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్‌కి ఈ సంగతి మీద మహా కుతూహలం. 1934లో పక్షుల ఈకల రంగుల గురించి ఆయన రాసిన పరిశోధన వ్యాసంలో పరీక్షకు పెట్టింది మన పాలపిట్ట ఈకల్నే. వెలుగు చెదిరి పుట్టే నీలం కాబట్టే ఎదురెండలో ఈ పిట్ట ఉత్త నల్లటి నీడ. నడినెత్తి ఎండలో వెలిసిపోయిన చీర. పొద్దుటి ఏటవాలు వెలుగులోనో, పల్చటి మబ్బు పట్టినప్పుడో తీయాలి. ఇంటికొచ్చి కంప్యూటర్లో సాచురేషన్ పెంచి పిట్టకి కొత్తగా సున్నం వేసేవాళ్లంటే నాకు గిట్టదు. వెలుగు ఇచ్చినంతే దాని నీలం.

టురాకో పిట్టల సంగతి వేరు. కెన్యా ఎత్తుకొండల అడవుల్లో ఆకుల మధ్య పచ్చగా కలిసిపోయి తిరిగే హార్ట్‌లాబ్స్ టురాకో ఎగిరితే రెక్కల్లో ఎరుపు భగ్గుమంటుంది. అది అచ్చమైన రంగే, రాగి కలిసిన రంగు. టురాకోల్లో తప్ప వేరే పక్షుల్లో ఇలాంటిది కనపడదు. చెట్ల చీకట్లో దాన్ని పట్టుకోవాలంటే ఐఎస్ఓ బాగా పెంచక తప్పదు, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలూ తప్పవు.

మధ్యాహ్నం, దిగడానికి అనుమతి ఉన్న చోట చెట్టుకింద భోజనాలకి కూర్చున్నాం. సూపర్బ్ స్టార్లింగులు కాళ్ల దగ్గరికే వచ్చేశాయి. నల్లటి తల, మెరిసే నీలి వీపు, రొమ్ముమీద తెల్లటి పట్టీ, కింద ఇటుకరంగు పొట్ట. నా పెద్ద లెన్సుకి మూడు మీటర్లకి పైగా దూరం ఉంటేగానీ ఫోకస్ కుదరదు. నేను కుర్చీ వెనక్కి జరుపుకునేలోగా పెద్దావిడ ఫోను వంచి తీసేశారు. తెల్లటి కన్ను చుట్టూ ఈకలు కూడా విడివిడిగా వచ్చాయి.

“ఇది కూడా మన పిట్టకి చుట్టమేనంటావా?” అన్నారు.

“గోరింక కుటుంబమేనండీ.”

“అయితే సింహం ఫొటో నువ్వు పంపు, ఇది నేను పంపుతా” అంటూ వాట్సాప్ తెరిచారావిడ.