గుత్తి రోడ్డు మీద గురువు కోసం

అనంతపురం నుంచి గుత్తికి సుమారు 50 కిలోమీటర్లు. పూర్వం దీన్ని ఏడో నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు 44 అయింది. మా యింట్లో పెద్దవాళ్ళకు మాత్రం యింకా ఏడే. హైదరాబాదుకూ బెంగుళూరుకూ నడుమ రాత్రింబవళ్ళు లారీలు యీ దారినే తిరుగుతుంటాయి. రోడ్డుకు రెండు పక్కలా యెర్రనేల, దూరాన బోడిగుట్టలు. సాలుకు 550 మిల్లీమీటర్ల చిల్లర వర్షం పడే సీమ మాది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే బరువంతా దించుకుని, ఖాళీ లారీల్లాగా మా నెత్తిమీదుగా వెళ్ళిపోతాయి. ఈశాన్యపు వాన తూర్పు నుంచి యిక్కడికి వచ్చేసరికి అలసిపోతుంది. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడం మా రైతుకు తాతలనాటి అలవాటు. కొడుకులు యిప్పుడు రోడ్డు వైపు చూస్తున్నారు.

అలా చూసినవాళ్ళలో నా పూర్వశిష్యుడొకడు. బి.ఏ. పూర్తి చేశాడు. పద్యం చదివితే గొంతు బాగుండేది. తండ్రి లేడు, నాలుగెకరాల మెట్ట వుంది, దానిమీద అప్పు వుంది. హెవీ లైసెన్సు చేతికి రాగానే, “లారీ తోల్తా సార్, యే కంపెనీలో చేరమంటారు?” అని మా యింటికి వచ్చాడు. వెనకనే తల్లి.

“మీరు చూసి బాగుండాదంటేనే పంపిస్తా సామీ” అంది ఆమె.

తెలుగు పంతులుకు లారీలతో యేం పని అని మీరు నవ్వుకోవచ్చు. ఆమె నవ్వలేదు. ఆ ఆదివారం ముగ్గురం బయలుదేరాం.

లైసెన్సు సంగతి కాస్త చెప్పాలి. కారు నడపడానికి 18 యేళ్ళు చాలు. ఆ లైసెన్సు యేడాది పాతబడి, మనిషికి 20 నిండితేగాని బరువుబండి నేర్చుకోవడానికి అనుమతి రాదు. 2021 నాటి నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో బరువుబండ్లకు ఆరు వారాల్లో 38 గంటల చదువు. తక్కువని నేననను. కాని మా చీనీకాయల లోడు వేసుకుని ఢిల్లీ పోయే డ్రైవరుకు ఆ 38 గంటలు దారిలోనే అయిపోతాయి. పైగా స్కూలు లారీ తరచు ఖాళీగానే నడుస్తుంది. టన్నుల కొద్దీ సిమెంటు వెనకనుంచి తోస్తుంటే బ్రేకు యెంత ముందుగా తొక్కాలో ఖాళీ లారీ యెలా చెబుతుంది?

పూర్వం ఆ చదువంతా క్లీనరు సీట్లో జరిగేది. కుర్రవాడు టైర్లు తట్టి, టార్పాలిన్ కట్టి, అద్దాలు తుడిచి, యెడమవైపు తల బయటపెట్టి “రైట్ రైట్” అంటూ రెండు మూడేళ్ళు గడిపేవాడు. తిట్లు సరేసరి, మొట్టికాయలు కూడాను. యే అర్ధరాత్రో రోడ్డు ఖాళీగా వున్నప్పుడు డ్రైవరు దయతలచి స్టీరింగు యిచ్చేవాడు. లైసెన్సు లేనివాడికి అలా యివ్వడం చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ముప్పు. దాన్ని నేను మెచ్చుకోను. అయినా పక్కన ఒక గురువంటూ వుండేవాడు. యిప్పుడు ఖర్చు కలిసిరాదని చాలామంది యజమానులు క్లీనర్ని మానిపించేశారు. కొత్తవాడు కూర్చుని నేర్చుకోవలసిన సీటు ఖాళీగా ప్రయాణం చేస్తోంది.

అనంతపురం బైపాసు దగ్గర మొదటి ఆఫీసు. పేరెందుకు లెండి. అద్దాల గది, గోడమీద వెంకటేశ్వరస్వామి పటం, బయట సరికొత్త పద్నాలుగు చక్రాల లారీ. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏ.సి. తప్పనిసరి కదా, యిదీ అలాంటిదే. మావాడు తలుపు తీసి ఆ చల్లదనం మొహానికి తగలగానే సగం వొప్పుకున్నాడు. మేనేజరు జీతమూ బాగానే చెప్పాడు.

“నేర్పించేదెవరండీ?” అన్నాను.

“లైసెన్సు వుంది కద సార్! రెండు ట్రిప్పులు పోతే అదే వస్తుంది.”

మొదటి ట్రిప్పు నాగపూరు. ఒంటరిగా.

గుత్తి బస్సెక్కాం. పల్లెవెలుగు గనుక ఆమెకు డబ్బులు లేవు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఉచితం. గార్లదిన్నె దాటి పామిడి చేరితే అక్కడ పెన్న. నది అని పేరేగాని చాలా నెలలు యిసుకే దర్శనమిస్తుంది. వంతెన మీద ఆమె ఆ యిసుకకే చేతులు జోడించింది.

గుత్తిలో కొండమీది కోట పలకరిస్తుంది. మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు యీ వూళ్ళోనే సమాధి చేశారు. కోట యెక్కాలని నాకు మనసయింది గాని వచ్చిన పని వేరు.

యిక్కడ రెండు లారీల యజమాని ఒకాయన. చాపమీద కూర్చోబెట్టి మజ్జిగ యిప్పించాడు. యాభైవేలు అడ్వాన్సు యిస్తానన్నాడు. తల్లి కళ్ళు మెరిశాయి. అప్పు వాయిదా గుర్తొచ్చి వుంటుంది. అడ్వాన్సు తీరేదాకా ఒరిజినల్ లైసెన్సు ఆయన దగ్గరే. టైరు పేలినా, బండికి గీత పడినా డ్రైవరు ఖాతాలోనే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టిందని నాకు తెలిసింది చెప్పాను. ఆ చట్టాన్ని తరువాత 2020 నాటి స్మృతిలో కలిపారు. “గంటలు లెక్కపెడితే సరుకు మార్కెట్టుకు చేరదు సార్” అని ఆయన నవ్వాడు. మంచి మనిషే. కాని ఆ కాగితం మీద మావాణ్ణి సంతకం చెయ్యనివ్వలేదు నేను.

టీ కొట్టు దగ్గర మా మాటలు విన్న ఒక పెద్ద డ్రైవరు కల్పించుకున్నాడు. “అడ్వాన్సు ముట్టొద్దప్పా” అన్నాడు. ఓబుళాపురం, బళ్ళారి గనుల నుంచి ఖనిజం తోలే రోజుల్లో ఆయన వాయిదాల మీద సొంత లారీ కొన్నాడట. 2009లో ఓబుళాపురం తవ్వకాలు ఆగాయి; 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో బళ్ళారి గనులూ నిలిచాయి. లోడు లేదు, వాయిదాలు మాత్రం ఆగలేదు. ఫైనాన్సువాళ్ళు బండి తీసుకుపోయారు. యిప్పుడు తాడిపత్రి యజమానికి పది చక్రాల లారీలో సిమెంటు తోలుతున్నాడు. ఆయన లారీలో రెండో మనిషిని కూర్చోబెట్టుకోవడానికి యజమాని వొప్పుకుంటాడట.

“బండెక్కేముందు యేం చూస్తావబ్బీ?” అన్నాడు మావాడితో.

“డీజిలు.”

“అది ముల్లు చెప్తాది. జంట చక్రాల నడుమ రాయి యిరుక్కుందా? రాడ్డుతో తట్టితే టైరు ఖంగుమంటాందా, బొద్దుమంటాందా? స్టార్టు చేసినాక బ్రేకు గాలి నిండిందా?” లారీ దగ్గరికి తీసుకుపోయి ఒక్కొక్క టైరూ తట్టించాడు. దిగుడులో డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవాడు బతకడనీ, ఎక్కేటప్పుడు యే గేరు వేస్తామో దిగేటప్పుడూ అదే వెయ్యాలనీ చెప్పాడు. నా క్లాసులో మావాడు అంత శ్రద్ధగా యెన్నడూ వినలేదు.

యజమానితో ఫోనులో మాట్లాడాం. మూడు నెలలు సగం జీతం, బత్తా వేరు. లైసెన్సు మనదగ్గరే. బళ్ళారి, కర్నూలు వంటి దగ్గరి ట్రిప్పులే. పెద్ద డ్రైవరు సరేనంటేనే ఒంటరిగా పంపడం. అదంతా రాసి పంపమంటే బిల్లు పుస్తకం కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపాడు.

తల్లి అంతవరకూ మాట్లాడలేదు.

“నీకు కొడుకులుండారా అన్నా?”

“ఒకడుండాడమ్మా. మీవాని యీడే.”

“వాన్ని యేల నీ పక్కన కూచోబెట్టుకోలేదు?”

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. “ఈ రాత్రుళ్ళు వానికొద్దనుకున్యా. బెంగుళూర్లో కారు తోల్తాండాడు.”

ఆమె కాసేపు ఆ పది చక్రాల వైపు చూసింది. “నిజం చెప్పినావు. పిలుచుకుపో” అంది.

మర్నాడు రాత్రి తాడిపత్రిలో సిమెంటు లోడు, బళ్ళారికి. వాయిదాకు సగం జీతం చాలదు; అందుకు రెండు గొర్రెలు అమ్ముతానని తిరుగు బస్సులో చెప్పింది.